మైపాడు అల ఎవరి పూచీ?

మన నెల్లూరు జిల్లాలో చెరువు గట్టు తెగితే ఎవరిని నిలదీయాలో అందరికీ తెలుసు. కాలవకు నీళ్ళు రాకపోతే ఏ ఆఫీసు ముందు కూర్చోవాలో రైతుకి తెలుసు. పెన్నలో రాత్రిపూట ఇసుక లారీలు తిరుగుతుంటే ఏ విలేకరికి ఫోను కొట్టాలో కూడా తెలుసు. అదే మైపాడు ఒడ్డు కోసుకుపోతే? ఇన్నాళ్ళూ ఒక చోట విరిగిన అల ఇంకో చోటికి జరిగిపోతే? అడగడానికి ఒక ఆఫీసు లేదు, రాయడానికి ఒక దరఖాస్తు లేదు. ఎందుకంటే మన లెక్కల్లో అల ఆస్తి కాదు. భూమి ఆస్తి, చెట్టు ఆస్తి, చేప ఆస్తి, సముద్రం అడుగున దొరికే గ్యాసు కూడా ఆస్తే. అల మాత్రం దానంతటది వచ్చి, దానంతటది పోయేది. ఈ లెక్క తప్పు. దీన్ని ఇప్పుడు సరిచేసుకోకపోతే మన తీరంలో మంచి ఒడ్లు ఒక్కొక్కటే పోతాయని నా భయం.

ఉద్యోగం కోసం చెన్నైలో ఉన్న రోజుల్లో నేను ఆ పక్కనే ఉన్న కోవళంలో సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలతో పాటు జారే ఆట, నేర్చుకున్నాను. నేర్పింది అక్కడి మత్స్యకార కుర్రాళ్ళు. చిన్నప్పుడు విరిగిన చెక్కల మీద అలలెక్కి ఆడుకున్నవాళ్ళే పెద్దయ్యాక బోర్డులెక్కారు. కేరళలో ఇదే పేరున్న ఇంకో కోవళం నుంచి వచ్చిన కుర్రాడు 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో మన దేశానికి కాంస్యం తెచ్చాడు. మొదటి రోజుల్లో నాకు నేర్పినవాళ్ళు నన్ను నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఒడ్డున కూర్చోబెట్టి చూడమనేవాళ్ళు. అల ముందుగా ఎక్కడ విరుగుతోంది, ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి ఏ దారిన పోతున్నాయి, రెండు గుంపుల అలల మధ్య సముద్రం ఎంతసేపు సద్దుమణుగుతోంది. నేర్చుకోవాల్సిందంతా అందులోనే ఉంది. బోర్డు మీద నిలబడటం ఆ తర్వాతి సంగతి.

చూడటం అలవాటయ్యాక మైపాడుకొస్తే ఆ ఊరి ఒడ్డు నాకు కొత్తగా కనిపించింది. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రమైతే సగం టౌను అక్కడే ఉంటుంది. జనం చూసేది నురగని. నేను చూసేది ఆ నురగ కింద ఉన్న ఇసుక మెట్టని.

అల ఎలా విరుగుతుందో చెప్పకుండా ఈ వాదన ముందుకు సాగదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ఒడ్డుకొచ్చే పొడవాటి, నిదానమైన అలల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవి కావు. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో తుఫాను గాలులు లేపితే, వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఇక్కడికొస్తాయి. లోతు నీళ్ళలో వాటి జోలికెవరూ రారు. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గేసరికి అల కిందిభాగానికి నేల తగిలి నడక మందగిస్తుంది. పైభాగం ఆగదు, ముందుకు తూలి పడుతుంది. మీటరు ఎత్తున్న అల దాదాపు మీటరుంబావు లోతులో విరుగుతుంది. అంటే అది ఎక్కడ విరగాలో, ఒక్కసారిగా కూలాలో, లేక ఒక చివర నుంచి ఇంకో చివరకి వరసగా విప్పుకుంటూ పోవాలో నిర్ణయించేది నీటి అడుగున ఉన్న ఇసుక. మెట్ట చెదిరితే, అంత దూరం నుంచి వచ్చిన అలకి విరిగే చోటుండదు. నేరుగా వచ్చి గట్టుని కొడుతుంది.

ఈ విషయం నాకంటే ముందే మన పట్టపు వాళ్ళకి, అంటే ఇక్కడి మత్స్యకారులకి, తెలుసు. పాఠంగా చదివి కాదు, పడవ దించి తెలుసుకున్నారు. తెల్లవారుజామున మైపాడు చుట్టుపక్కల ఏ పాలేనికైనా వెళ్ళి చూడండి. ట్రాక్టరు ఫైబర్ బోటుని నీళ్ళ అంచు దాకా నెడుతుంది. నలుగురు మనుషులు బోటుకి రెండు పక్కలా నడుం లోతు నీళ్ళలో నిలబడతారు. ఇంజను మీద చెయ్యేసినవాడు మాట్లాడడు, వాడి చూపంతా మెట్ట మీదే. పెద్ద అలలు వరసగా వచ్చి పోతాయి. ఆ వెనక కాస్త సందు దొరుకుతుంది. ఒక్క కేక. నలుగురూ ఒక్క ఊపున తోసి లోపలికి దూకుతారు, బోటు ముక్కు పైకి లేస్తుంది, ఇంజను అందుకుంటుంది. ఆ సందు అంచనా తప్పితే బోటు అడ్డం తిరుగుతుంది, వలలు పోతాయి, కొన్నిసార్లు మనిషే పోతాడు. ఒకప్పుడు ఇదే పని తెప్పల మీద తెడ్లతో చేసేవాళ్ళు. ప్రపంచంలో ఏ సర్ఫరూ దీనికంటే కష్టమైన పరీక్ష రాయడు.

మైపాడుకి ఆ పక్క పల్లెలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. "అబ్బయా, మా నాయిన కాలంలో ఈడ రెండు మెట్టలుండె. ముందు మెట్ట మీద అల ఇరిగితే, ఈ పక్క గుంటలో బోటు తిప్పుకుని తీరిగ్గా వస్తా ఉంటిమి. ఇప్పుడు ఆ ముందు మెట్ట యాడుందో కనపడదు. అల వచ్చి గట్టు మీదనే పడతా ఉండాది. బోటు నిలిపేదానికి చోటు లేదు." ఎందుకలా అయిందంటారు మామా అని అడిగితే, "ఇసక రావడం లేదు గదా" అన్నాడు. నేను ఎన్నో పేజీల నివేదికల్లో వెతుక్కున్న జవాబు ఆయన మూడు మాటల్లో చెప్పాడు.

ఇసక రావడం లేదు. మరి రావాల్సింది ఎక్కడి నుంచి? మన వైపు ఒడ్డుకి ఇసుక పెట్టేది ముఖ్యంగా పెన్న. వరదొచ్చినప్పుడల్లా కడప కొండల నుంచి తెచ్చినదంతా ఊటుకూరు దగ్గర సముద్రంలో పోస్తుంది. సోమశిల కట్టాక ఆ ఇసుకలో పెద్ద భాగం జలాశయం అడుగునే ఆగిపోతుంది. సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022లో అందుబాటులోకి వచ్చాయి. డెల్టా రైతుకి వాటి అవసరం ఉంది, నేను కాదనను, మాదీ వరి పండించే ఇల్లే. కానీ ఆనకట్టలు పట్టగా మిగిలిన ఇసుకని లారీలు పట్టుకుపోతే సముద్రానికి చేరేదేమిటి? పెన్న ఇసుక గురించి మనం గొడవపడేటప్పుడు బోర్ల గురించి మాట్లాడతాం, వంతెన పునాదుల గురించి మాట్లాడతాం. మైపాడు ఒడ్డు గురించి ఒక్క మాట కూడా రాదు. ఒకే ఇసుక, ఒకే నష్టం. కాకపోతే కింది ఊరికి అది ఆలస్యంగా తెలుస్తుంది.

రెండో సంగతి ఇసుక నడక. ఒడ్డున ఇసుక ఉన్నచోట ఉండదు. మన తూర్పు తీరంలో దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత దక్షిణానికి తోస్తాయి. ఏడాది మొత్తం లెక్కేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ దారికి అడ్డంగా సముద్రంలోకి రాళ్ళ కట్ట కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు కోత పడుతుంది. ఇది ఊహ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చెన్నై హార్బరు కట్టలు వేశాక దక్షిణాన పేరుకున్న ఇసుకే ఇవాళ మనం పల్లీలు తింటూ తిరిగే మెరీనా. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్ళ మీదికొచ్చింది. జనం మెరీనాని మెచ్చుకుంటారు గానీ, దాని మూల్యం కట్టిన వీధుల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ఇప్పుడు మన తీరం చూడండి. కృష్ణపట్నం 2008 నుంచి పెద్ద పోర్టుగా నడుస్తోంది. రామాయపట్నం పనులు 2022లో మొదలయ్యాయి. రెంటికీ నడుమ జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు. ఫలానా ఊరి కోత ఫలానా పోర్టు వల్లే అని నేను అనడం లేదు. అలా అనాలంటే ఏళ్ళ తరబడి కొలతలుండాలి. నా ఫిర్యాదల్లా ఆ కొలతలు ఊరివాళ్ళ చేతికి రాకపోవడమే. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని దేశం మొత్తం తీరాన్ని చూస్తే, అందులో సుమారు మూడో వంతు కోతకి గురవుతోందని తేలింది. దేశం లెక్క ఉంది. మరి పల్లెపాలెం లెక్క? ఈ ఏడాది మా ఒడ్డు ఎన్ని మీటర్లు పోయిందని ఒక సర్పంచి అడిగితే జవాబివ్వాల్సిన మనిషి ఎవరు?

పోర్టులు వద్దా, మన పిల్లలకి ఉద్యోగాలు వద్దా అని అడిగేవాళ్ళుంటారు. మా బంధువుల్లోనే ఉన్నారు. పోర్టు వద్దని నేను అనను. కట్ట కట్టినవాడు ఇసుకకి దారి కూడా చూపించాలంటాను. విశాఖలో అవుటర్ హార్బరు కట్టాక, కట్ట వెనక చిక్కిన ఇసుకని డ్రెడ్జరుతో తవ్వి ఆర్కే బీచి వైపు పోసే పద్ధతి పెట్టుకున్నారు. అది సరిపోతోందా అన్నది వేరే చర్చ, కానీ బాధ్యత పోర్టుదే అన్న ఒప్పుదల అందులో ఉంది. మన జిల్లాలో కూడా అదే షరతు ఉండాలి. ఏటా ఎన్ని ఘనపు మీటర్లు ఆ పక్క నుంచి ఈ పక్కకి చేర్చారో లెక్క గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. అలా చెయ్యకుండా కోత మొదలయ్యాక బండరాళ్ళు పోయడం వైద్యం కాదు. రాళ్ళ గోడని కొట్టిన అల వెనక్కి మళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఉన్న కాస్త ఇసుకనీ లాక్కుపోతుంది. గోడ ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి పక్క ఊరికి కోత మొదలవుతుంది. ఉప్పాడలో జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులతో, గోడ కట్టారు, సముద్రం దాన్నీ చీల్చింది. గోడ కట్టాక బోటు ఎక్కడ పెట్టుకోవాలి, వల ఎక్కడ ఆరేసుకోవాలి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? వీటికి ఏ అంచనాలోనూ పద్దు ఉండదు.

నాకు అన్నిటికంటే కడుపు మండేది దిబ్బల విషయంలో. ఒడ్డు వెనక ఉండే ఇసుక దిబ్బ మన ఇళ్ళలో ధాన్యం గాదె లాంటిది. తుఫానొచ్చినప్పుడు సముద్రం అందులోంచి ఇసుక తీసుకుని మెట్ట వేసుకుంటుంది. ఆ మెట్ట మీదే పెద్ద అలలు విరిగి బలం పోగొట్టుకుంటాయి. వేసవిలో సముద్రం నెమ్మదించాక ఆ ఇసుకని కొద్దికొద్దిగా ఒడ్డుకి చేరుస్తుంది, గాలి దాన్ని మళ్ళీ దిబ్బ మీదికి ఎక్కిస్తుంది. 1989 నవంబరులో కావలి తుఫాను చూసినవాళ్ళు, 2004 డిసెంబరు 26న సునామీ చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. దిబ్బ ఎందుకో వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. అయినా ప్లాటు చదును చెయ్యడానికి, రిసార్టు గదుల్లోంచి సముద్రం కనబడటానికి, రోడ్డు పనికి మట్టి కావాలని జేసీబీ పెట్టి దిబ్బల్ని గీకేస్తున్నారు. ఒక మధ్యాహ్నం చాలు, అంతా అయిపోతుంది. గాలి ఆ దిబ్బని పోగెయ్యడానికి ఎన్ని తరాలు పట్టిందో ఆ డ్రైవరుకి ఎవరూ చెప్పరు.

చట్టం లేక కాదు. 1991లో మొదలై 2011లో, 2019లో మారుతూ వచ్చిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికంటే సున్నితమైన తరగతిలో ఉన్నాయి. దిబ్బని చదును చెయ్యడం, రూపు మార్చడం నిషేధం. కానీ అదే 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో కట్టడాలకు వీల్లేని హద్దుని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. హద్దు గీసేది పోటు గీత నుంచి. ఒడ్డు కోసుకుపోతుంటే ఆ గీతే లోపలికి జరుగుతుంది కదా! కాగితం మీద గీత నిలకడగా ఉంటుంది, సముద్రం ఉండదు. పైగా ఈ చట్టం ఎంతసేపూ నేల మీద గీతల గురించే మాట్లాడుతుంది. నీళ్ళ కింద ఉన్న మెట్ట గురించి, ఇసుక నడిచే దారి గురించి, అల విరిగే చోటు గురించి విడిగా కాపాడే మాట అందులో లేదు.

సరుగుడు తోపుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. తుఫాను గాలికి సరుగుడు అడ్డం నిలుస్తుంది, పొయ్యిలోకి కట్టె ఇస్తుంది, అంతవరకు మేలే. కానీ దిబ్బ వెనక ఉండాల్సిన తోపుని నీళ్ళ అంచు దాకా తెచ్చి నాటుతున్నారు. దిబ్బ ముందుభాగం బాలబంది తీగది, రావణాసురుడి మీసాలది. వంగి చూస్తే తెలుస్తుంది. బాలబంది ఊదారంగు పూలతో ఇసుక మీద పాకుతూ ప్రతి గణుపు దగ్గరా వేరు దించుతుంది. మీసాల గడ్డి ముళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటాయి, కానీ ఎగిరొచ్చిన ప్రతి ఇసుక రేణువునీ అది పట్టి ఆపుతుంది. ఒక చిన్న పొద వెనక దోసెడు ఇసుక, ఏడాదికి మోకాలెత్తు. దిబ్బ పెరిగేది అలాగే. సరుగుడు నీడలో ఇవి బతకవు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకి కూడా కావాల్సింది ఖాళీ ఇసుకే. వేర్లు అడ్డం తగిలితే అది గుంట తవ్వలేక తిరిగిపోతుంది.

రొయ్యల గుంటల సంగతి మనందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో గుంటల మీద తీర్పిచ్చింది, 2005లో తీరంలో రొయ్యల సాగు మీద చట్టమొచ్చింది, దాన్ని చూసుకునే అథారిటీ వచ్చింది. అయినా పంట పట్టినప్పుడు గుంటల్లో నీళ్ళు శుద్ధి లేకుండా డ్రెయిన్లలోకి, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలవలోకి, సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. ఆ వాసనలో పిల్లల్ని స్నానానికి దించలేం. శుద్ధి చెరువు పెట్టినవాడికి కరెంటు రాయితీ, పెట్టనివాడికి ఆ రాయితీలో కోత. అంత తేలికైన నియమం కూడా అమలు చెయ్యలేమా?

అలకి చట్టం ఏమిటి, విడ్డూరం కాకపోతే అనుకునేవాళ్ళకి పెరూ సంగతి చెబుతాను. ఆ దేశం 2000లో అలలు విరిగే చోట్లని కాపాడటానికి ఒక చట్టం చేసింది. ఒక చోటు రిజిస్టరులోకి ఎక్కిందంటే దాన్ని చెడగొట్టే కట్టడానికి అక్కడ అనుమతి ఉండదు. 2016లో చికామా అల అలాగే నమోదైంది. న్యూజిలాండ్ 2010లో తన తీర విధానంలో జాతీయ ప్రాధాన్యం ఉన్న 17 అలల చోట్లని పేరుపేరునా రాసుకుంది. అలని కాపాడుకోకపోతే ఏమవుతుందో వేరే చోట్ల చూశాం. కాలిఫోర్నియాలో డేనా పాయింట్ దగ్గర 1966లో హార్బరు పనులు మొదలయ్యాక అక్కడి పేరుమోసిన అల శాశ్వతంగా పోయింది. స్పెయిన్‌లో ముందాకా అనే ఊరి నదీముఖంలో 2003లో ఇసుక తవ్వితే మెట్ట చెదిరి అల పాడైంది, 2005లో అక్కడ జరగాల్సిన ప్రపంచస్థాయి పోటీ రద్దయింది. తవ్వకం ఆగి ఇసుక పేరుకున్నాక అల తిరిగొచ్చింది. అందుకే ఇంకా ఆశ ఉందంటాను. కాంక్రీటు పడనంతవరకు ఇసుక తిరిగి రాగలదు.

సర్ఫింగ్ డబ్బున్నవాళ్ళ సరదా, దాని కోసం ఇంత రాద్ధాంతమా అని ఒక స్నేహితుడు అడిగాడు. కార్తీక పౌర్ణమికి, సంక్రాంతికి, కొత్త సంవత్సరానికి మైపాడులో, కొత్తపట్నంలో, పాకలలో ఎంతమంది దిగుతారో, ప్రతి పండగకీ ఎన్ని ఇళ్ళలో ఏడుపులు వింటున్నామో అతనికి గుర్తుచేశాను. కొత్తవాళ్ళు అల పెద్దగా విరిగే చోటుని చూసి భయపడి, అల విరగకుండా నీళ్ళు నింపాదిగా కనిపించే చోట దిగుతారు. చావు ఉండేది అక్కడే. మెట్టకి గండి పడిన చోటది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ ఆ గండి గుండా సముద్రంలోకి మళ్ళుతాయి. దాంట్లో చిక్కినవాడు ఒడ్డు వైపు ఈదితే అలిసి మునుగుతాడు. ఒడ్డు వెంబడి పక్కకి ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడతాడు. ఈ ఒక్క ముక్క మన స్కూళ్ళలో ఎవరూ చెప్పరు. అల చదవగలిగిన మత్స్యకార కుర్రాళ్ళని జీతమిచ్చి లైఫ్‌గార్డులుగా పెట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయి, వేట లేని రోజుల్లో వాళ్ళకి అన్నం దొరుకుతుంది, కోవళంలో లాగా సర్ఫింగ్ నేర్పే పనీ వస్తుంది. ఒడ్డు బాగుంటే తమ బతుకు బాగుంటుందని తెలిసినవాడికి మించిన కాపలా ఏ శాఖా పెట్టలేదు.

బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచిలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, తెస్తే చాలు అనే మాటతో నేను ఏకీభవించను. ఋషికొండకి 2020లో వచ్చింది, కోవళానికి 2021లో వచ్చింది. శుభ్రమైన నీళ్ళు, మరుగుదొడ్లు, లైఫ్‌గార్డులు, అన్నీ కావాల్సినవే. కానీ బెంచీలు, సిమెంటు దారులు, రంగు లైట్లు దిబ్బ మీద వేసి దానికి సుందరీకరణ అని పేరు పెట్టడం మన దగ్గర రివాజు. ఆ లైట్లకి తాబేలు పిల్లలు సముద్రం అనుకుని రోడ్డు వైపు పాకుతాయి. ఒడ్డుకి చెయ్యగల మొదటి మేలు దిబ్బ మీద ఏమీ కట్టకపోవడం.

తీరప్రాంత నిర్వహణ పటాలు తయారు చేసేటప్పుడు ప్రజల అభ్యంతరాలు అడగాలని నియమం ఉంది. ఈసారి అడిగినప్పుడు మైపాడు, కొత్తపట్నం, పాకల మెట్టల్ని, బోట్లు దించే చోట్లని పటం మీద పేరుతో సహా గుర్తించమని రాసివ్వాలి. సర్పంచి సంతకంతో, గ్రామసభ తీర్మానంతో. పాలేల్లో కాపులు, అంటే ఊరి పెద్దలు, వేసే దురాయికి, అంటే కట్టుబాటుకి, ఇప్పటికీ విలువుంది. వలల విషయంలో, వేట వేళల విషయంలో కట్టుబాటు పెట్టగలిగిన పెద్దలు, మా దిబ్బ మీద ఇసుక ఎత్తకూడదని కూడా కట్టుబాటు పెట్టగలరు. ఒకటి రెండు చోట్ల ఆ మాట కదిలించాను. కాదన్నవాళ్ళు లేరు, కొలత చూపించమన్నారు. న్యాయమైన మాటే.

అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే రోజుల్లో, బోట్లు ఒడ్డున ఉండి మనుషులు ఊళ్ళో ఉన్నప్పుడే ఈ పని మొదలుపెడుతున్నాం. దిబ్బ వెనక కదలని గుర్తు ఒకటి పెట్టుకుని, అక్కడి నుంచి నీటి అంచు దాకా టేపుతో కొలిచి, అదే చోట నిలబడి ఫోటో తీసి, తేదీతో పుస్తకంలో రాయాలి. ప్రతి అమావాస్యకీ ఒకసారి, పోటు బాగా తగ్గిన వేళ. పుస్తకం పంచాయతీ ఆఫీసులోనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. కొత్తపట్నం, పాకల వైపు కూడా ఎవరైనా పూనుకుంటే పద్ధతి చూపించడానికి మేం వస్తాం. పొడవాటి టేపు, రెండు కర్రలు, తప్పకుండా వచ్చే ఇద్దరు మనుషులు ఉంటే చాలు. కింద కామెంట్లో మీ ఊరి పేరు రాయండి.